వేడి ఎన్ని గంటలకు ఇంట్లోకి వస్తుంది?

మే 15 ప్రాంతంలో నిజామాబాద్ గాంధీచౌక్‌లో మిట్టమధ్యాహ్నం ఒక కర్రను నిటారుగా నిలబెట్టి చూడండి. నీడ కనిపించదు. పట్టణం ఉన్నది దాదాపు 18.67 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. కృత్తిక కార్తె నడిచే ఆ రోజుల్లో సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ వచ్చి సరిగ్గా మన నెత్తిన నిలుస్తాడు. గడియారంలో అప్పుడు సమయం పన్నెండు కాదు, 12 గంటల 14 నిమిషాలు. మన గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. నిజామాబాద్ అంతకన్నా నాలుగు డిగ్రీలకు పైగా పడమట ఉంది. జులై 29 ప్రాంతంలో సూర్యుడు తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఇదే చోటికి వస్తాడు గానీ, అప్పటికి మబ్బులు కమ్ముకుని ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి పడుతుందంటే చాలామంది నమ్మరు. కావాలంటే జూన్‌లో ఇంటి ఉత్తరపు గోడను చూసుకోవచ్చు.

ఇల్లు కట్టేవాళ్ళకు ఇది పంచాంగం విషయం కాదు. సూర్యుడు నెత్తిన ఉన్నప్పుడు గోడల మీద ఎండ ఏటవాలుగా జారిపోతుంది. మొత్తం భారం పడేది పైకప్పు మీద. మే మధ్యాహ్నం చదునైన డాబా మీద చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. పాతబడి నల్లబారిన సిమెంటు డాబా అందులో మూడింట రెండు వంతులు పీల్చుకుంటుంది. పైభాగం 60 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు.

హరిత భవనం అనగానే మన కళ్ళముందు మెదిలేది డాబా మీద సోలార్ పలకలు, వాకిట్లో పచ్చగడ్డి, గోడకు తగిలించిన ఒక సర్టిఫికెట్. వాటికి నేను వ్యతిరేకం కాదు. కానీ నిజామాబాద్ లాంటి ఊళ్ళో ఇల్లు మంచిదా కాదా తేల్చుకోవడానికి ముందుగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: మధ్యాహ్నం ఒంటిగంటకు కప్పు మీద పడ్డ వేడి, లోపల మంచం మీద పడుకున్న మనిషి దగ్గరికి ఎన్ని గంటలకు చేరుతుంది?

గోడ అంటే ఆలస్యం

వేడి గోడలోంచి ఒక్క గంతులో దూకి రాదు. నిజాంసాగర్ తూము ఎత్తినప్పుడు కాలువలో నీళ్ళు చివరి ఆయకట్టుకు ఎలా చేరతాయో ఇదీ అంతే: ఆలస్యంగా వస్తుంది, బలం తగ్గి వస్తుంది. దారి పొడవునా మట్టి కొంత తాగేస్తుంది. ఎంత ఆలస్యం, ఎంత బలం తగ్గుతుంది అన్నవి గోడ మందాన్ని బట్టి, ఆ పదార్థంలో వేడి ఎంత చురుగ్గా పాకుతుందన్న దాన్ని బట్టి ఉంటాయి.

కళాశాలలో చెప్పే సులభమైన లెక్క ఒకటి ఉంది. గోడను చాలా లోతైనదిగా ఊహించుకుని, బయటి ఉష్ణోగ్రత 24 గంటలకొకసారి పెరిగి తగ్గుతుందనుకుని వేసే లెక్క అది. దాని ప్రకారం ఐదు అంగుళాల కాంక్రీటు స్లాబులో ఆలస్యం మూడు గంటలు, మహా అయితే నాలుగు. బయటి హెచ్చుతగ్గుల్లో ఐదింట రెండు వంతులు లోపలికి దాటిపోతాయి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలో ఆలస్యం ఏడెనిమిది గంటలు. దాటేది ఏడో వంతు. పాతకాలపు మూరెడు మందం మట్టిగోడలో ఆలస్యం పన్నెండు నుంచి పదిహేను గంటలు. దాటేది యాభయ్యో వంతు. నిజమైన గోడల్లో ఈ అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ వరస మారదు.

ఇప్పుడు ఈ గంటల్ని రోజులో పరచి చూడండి. స్లాబు మీద ఒంటిగంటకు పడ్డ వేడి సాయంత్రం నాలుగైదింటికి గది కప్పు నుంచి దిగడం మొదలవుతుంది. పడమటి గోడ సాయంత్రం నాలుగుకు బాగా కాగుతుంది. అది తొమ్మిది అంగుళాల గోడ అయితే ఆ వేడి లోపలికి వచ్చేది రాత్రి పదకొండు దాటాక. అంటే పగటి కూలీ, ఆఫీసు, బడి అన్నీ ముగించుకుని మనిషి ఇంటికి చేరే వేళకు కప్పు వేడి, నిద్రపోయే వేళకు గోడ వేడి వంతులేసుకుని వస్తాయి. బయట గాలి చల్లబడ్డా లోపల ఉక్క ఎందుకు తగ్గదో అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

మన పాత ఇళ్ళు ఈ గంటల్ని వేరేగా సర్దుకున్నాయి. బోధన్, బాన్సువాడ, ఆర్మూరు వైపు పల్లెల్లో ఇంకా నిలిచి ఉన్న భవంతుల్ని గమనించండి. మధ్యలో ఆకాశానికి తెరుచుకున్న జాగా, చుట్టూ వసారా, వెనక అర్రలు. గోడలు మట్టివి, మందంగా ఉంటాయి. కప్పు గూనపెంక. కొన్నిచోట్ల దూలాలు, దంతెల మీద చెక్కలు పరిచి పైన మందంగా మట్టి కప్పిన మిద్దె. పగటిపూట మందపు గోడ వేడిని ఆపుతుంది. పొద్దుగూకాక మధ్య జాగా నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి దిగి వసారాలోకి పాకుతుంది. మట్టిగోడ పీల్చుకున్న వేడి తెల్లవారుజామున లోపలికి వస్తుంది గానీ, ఆ వేళకు అర్రలో ఎవరూ ఉండరు. అందరూ వాకిట్లో నులకమంచాల మీద ఉంటారు.

ఈ చివరి మాట ముఖ్యం. పాత ఇల్లు చల్లగా ఉండేదన్న పొగడ్తలో ఇల్లు చేసిన పని సగమే. మిగతా సగం మనుషులు చేశారు. పగలు అర్రలో, సాయంత్రం అరుగు మీద, రాత్రి వాకిట్లో ఉంటూ వాళ్ళు వేడి కంటే ఒక అడుగు ముందు నడిచేవాళ్ళు. ఇవాళ దోమలున్నాయి, దొంగల భయం ఉంది, పక్కింటి మూడంతస్తుల కిటికీలున్నాయి. వాకిలే లేదు. అందరం రాత్రంతా గదిలోనే ఉంటాం. కాబట్టి మందపు మట్టిగోడలకు తిరిగి వెళ్దాం అనే నినాదం ఒక్కటే సరిపోదు. రాత్రి తలుపులు బిగించుకునే ఇంటికి మందపు గోడ ఒక్కోసారి శిక్ష కూడా అవుతుంది. వేడిని బయటే ఆపే పొర ఒకటి, రాత్రి గాలికి దారి ఒకటి, ఈ రెండూ లేకుండా మందం పెంచి లాభం లేదు.

సజ్జ ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

మేస్త్రీలు నాలుగు వైపులా ఒకే కొలత సజ్జ వేస్తారు, అడుగున్నర. చూడటానికి వరసగా ఉంటుంది. సూర్యుడు మాత్రం నాలుగు దిక్కుల్నీ ఒకేలా చూడడు.

దక్షిణపు కిటికీకి ఆ అడుగున్నర సజ్జ అద్భుతంగా పనిచేస్తుంది. మార్చి 21న మధ్యాహ్నం సూర్యుడు 71 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. సజ్జ నీడ కిందికి దాదాపు నాలుగున్నర అడుగులు పడుతుంది. కిటికీ మొత్తం నీడలో ఉన్నట్టే. డిసెంబరు 21న సూర్యుడు 48 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు; అదే సజ్జ నీడ అడుగున్నర దాటి కొంచెమే దిగుతుంది, కాబట్టి చలికాలపు ఎండ గదిలోకి వచ్చి నేలను వెచ్చబరుస్తుంది. ఒక రాతిపలక ఏ కరెంటూ లేకుండా వేసవినీ చలికాలాన్నీ వేరుచేసి చూస్తోందన్నమాట.

పడమటి కిటికీ దగ్గర ఇదే పలక చేతులెత్తేస్తుంది. మే మధ్యలో సాయంత్రం నాలుగుంబావుకు సూర్యుడు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, సజ్జ నీడ ఒక్క అడుగు. ఐదుంబావుకు 20 డిగ్రీలు, నీడ అర అడుగు. నాలుగడుగుల కిటికీలో మిగిలిన మూడున్నర అడుగుల నుంచి ఎండ నేరుగా మంచం మీద పడుతుంది. పడమర వైపు కావాల్సింది అడ్డపలక కాదు, నిలువు అడ్డు. బయటి వైపు వెదురు తడక కావచ్చు, జాలీ గోడ కావచ్చు, తలుపులున్న పాతకాలపు చెక్క కిటికీ కావచ్చు, అన్నిటికన్నా మంచిది ఒక కానుగ చెట్టు. అడ్డు కిటికీకి బయట ఉండాలి. గది లోపల వేసిన పరదా వెలుతురును ఆపుతుంది గానీ, ఎండ అప్పటికే గాజు దాటి లోపలికి వచ్చేసింది. పరదా వేడెక్కి ఆ వేడిని గదిలోనే వదులుతుంది.

వాస్తులో నైరుతి బరువుగా ఉండాలంటారు, ఈశాన్యం తెరిపిగా ఉండాలంటారు. అందులోని విశ్వాసం సంగతి నాకు తెలియదు గానీ, సామాన్ల గది, బీరువాలు, మెట్లు నైరుతిలో పెట్టుకుంటే మధ్యాహ్నం తర్వాతి ఎండను అవి కాచుకుంటాయి, పడకగది బతికిపోతుంది. పేచీ ఎక్కడొస్తుందంటే, వాస్తు కోసం లక్ష రూపాయల గోడ పడగొట్టే మనిషి ఎండ కోసం వెయ్యి రూపాయల తడక కట్టడు.

ఇక అద్దాలు. గత పదిహేనేళ్ళలో మన పట్టణాల్లో బట్టల దుకాణాలు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్ళు ముఖానికి గాజు, అల్యూమినియం పలకలు తొడుక్కున్నాయి. చలిదేశాల్లో గాజుకు ఒక న్యాయం ఉంది. అక్కడ ఎండ దొరకడమే అదృష్టం. మన దగ్గర మే సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 700 వాట్ల ఎండ పడుతుంది. మామూలు తెల్లగాజు అందులో ఐదింట నాలుగు వంతుల దాకా, అంటే 550 వాట్ల పైచిలుకు, లోపలికి వదులుతుంది. పది చదరపు మీటర్ల గాజు అంటే ఐదున్నర కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ తీసేయగలిగిన వేడి 5.3 కిలోవాట్లు. లోపల ఒక్క మనిషీ, ఒక్క దీపమూ లేకపోయినా ఆ ఏసీ గాజుకే సరిపోతుంది. దుకాణం యజమాని నెలనెలా కట్టే కరెంటు బిల్లులో ఆ ముఖసౌందర్యం ఖర్చు ఎంతో విడిగా రాసి ఇస్తే బాగుండును.

కూలర్‌కు జులైలో ఏమవుతుంది

నిజామాబాద్ వేసవిలో పొడి, వానాకాలంలో తడి. ఈ రెండు ముఖాలే ఇక్కడి ఇంటికి అసలు పరీక్ష.

ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి గాలి నుంచి లాక్కునే వేడి దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకు సమానం. అందుకే గడ్డి పరదాల కూలర్, అంతకుముందు వట్టివేళ్ళ తడికెలు మన వేసవిని గట్టెక్కించాయి. మే మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, గాలిలో తేమ 15 శాతం ఉన్నాయనుకోండి. తడిపిన గుడ్డ చుట్టిన థర్మామీటరు 21, 22 డిగ్రీలు చూపిస్తుంది. మంచి కూలర్ నుంచి వచ్చే గాలి 26 డిగ్రీల దాకా దిగుతుంది. ఇంత చవకగా ఇంత చల్లదనం ఇచ్చే యంత్రం ఇంకోటి లేదు. షరతు ఒక్కటే: ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి. లోపలికి తోసిన గాలి బయటికి పోకపోతే గదిలో తేమ పేరుకుని ఒళ్ళు జిగటవుతుంది. కూలర్ పెట్టి తలుపులన్నీ మూసేవాళ్ళు చాలామంది చేస్తున్న పని ఇదే.

జులైలో అదే కూలర్ ఎందుకు పనికిరాదు? 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉంటే తడిగుడ్డ థర్మామీటరు 28 దగ్గరే ఆగిపోతుంది. కూలర్ గాలి 29. మూడు డిగ్రీల కోసం గదిని చెమ్మ చేసుకోవడం. అప్పుడు పనిచేసేది గాలి కదలిక మాత్రమే. ఎదురెదురు కిటికీలు, వాటికి దోమతెరలు, తలమీద ఫ్యాను. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తాయి.

అసలు మనిషికి ఎంత చల్లదనం కావాలి? చలిదేశాల ఆఫీసుల కొలతలు చాలాకాలం మన నెత్తిన రుద్దారు. అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మన దేశంలోని ఆఫీసుల్లో మనుషుల్ని అడిగి, కొలిచి ఒక భారతీయ సూత్రం తయారుచేశారు. 2016 నాటి జాతీయ భవన నియమావళిలోనూ దాన్ని చేర్చారు. కిటికీలు తెరుచుకునే భవనంలో మనిషికి హాయినిచ్చే ఉష్ణోగ్రత కావాలంటే, గత నెల రోజుల బయటి సగటును 0.54తో గుణించి 12.83 కలపాలి. మేలో బయటి సగటు 35 అనుకుంటే జవాబు 31.7. అంటే ఫ్యాను కింద 32 డిగ్రీల దగ్గర మనవాళ్ళు హాయిగానే ఉంటారు. కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 నుంచి నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. 18 పెట్టుకుని దుప్పటి కప్పుకునే అలవాటుకు శాస్త్రంలో సమర్థన దొరకదు.

బెల్లం, సున్నం, పిప్పి, ఊక

ఇంటి పచ్చదనాన్ని కరెంటు మీటరుతోనే కొలవడం సగం లెక్క. రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ ఉన్న బోధన్ ఇంటికి నెల బిల్లు చిన్నదే. ఆ ఇల్లు భూమికి పెట్టిన పెద్ద ఖర్చు కట్టిన రోజునే అయిపోయింది: సిమెంటు, ఇనుము, కాల్చిన ఇటుక. ప్రపంచం వదిలే బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటుదే. అందులోనూ ఎక్కువ భాగం బట్టీలో కాల్చే బొగ్గు వల్ల రాదు. సున్నపురాయి పగిలి తన కడుపులోని వాయువును వదిలేయడం వల్ల వస్తుంది. సౌర విద్యుత్తుతో బట్టీ నడిపినా ఆ వాటా తగ్గదు.

ఈ ప్రాంతపు కథ ఇక్కడ ఆసక్తిగా మారుతుంది. 1931లో మంజీరా మీద నిజాంసాగర్ పూర్తయింది. ఆ నీళ్ళు చెరుకును తెచ్చాయి, చెరుకు 1937లో బోధన్ శక్కర్‌నగర్‌కు నిజాం చక్కెర కర్మాగారాన్ని తెచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు. ఆ కర్మాగారం లోపల రోజూ జరిగిన పని ఒకటుంది: చెరుకు రసం తేటపడటానికి అందులో సున్నం కలిపేవారు. సరిగ్గా అదే కాలంలో, ఆ ఊళ్ళల్లోనే, గచ్చు మేస్త్రీలు దానికి తిరగేసిన పని చేశారు. గానుగలో నూరిన డంగుసున్నంలో బెల్లపు నీళ్ళు, కరక్కాయ ఊరవేసిన నీళ్ళు కలిపేవారు.

కారణం రసాయనశాస్త్రంలో ఉంది. సున్నం మామూలు నీటిలో లీటరుకు గ్రామున్నర పైచిలుకే కరుగుతుంది. చక్కెర ఉంటే దాంతో కలిసి కాల్షియం శాకరేటుగా మారి ఎన్నోరెట్లు ఎక్కువ కరుగుతుంది. ముద్ద మెత్తగా సాగుతుంది, సందుల్లోకి పారుతుంది, ఆ తర్వాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుంటూ మళ్ళీ రాయవుతుంది. సున్నం బట్టీలో వదిలిన వాయువులో చాలాభాగాన్ని గోడ మీద ఏళ్ళ తరబడి వెనక్కి తీసుకుంటుంది. సిమెంటుకు ఈ గుణం చాలా తక్కువ. పైగా బెల్లానికీ సిమెంటుకూ పడదు. బస్తాకు పాతిక గ్రాముల చక్కెర పడినా సిమెంటు గట్టిపడటం గంటల తరబడి ఆలస్యమవుతుంది. ఎక్కువ పడితే ఆ కాంక్రీటు మీద ఆశ వదులుకోవాలి. పాత గచ్చును మరమ్మతు చేస్తూ బెల్లం నీళ్ళు కలిపిన మిశ్రమంలో బలం కోసమని సిమెంటు కూడా వేసే మేస్త్రీకి ఈ మాట చెప్పాలి. రెండు సంప్రదాయాల్ని కలపకూడని చోటు ఇది.

చెరుకు ఇచ్చే రెండో వస్తువు పిప్పి. వంద టన్నుల చెరుకు ఆడితే ముప్ఫై టన్నుల దాకా పిప్పి మిగులుతుంది. మిల్లులు దాన్ని బాయిలర్లలో కాల్చుకుంటాయి. మిగిలిన బూడిదలో సిలికా ఎక్కువ. సన్నగా నూరి, బాగా కాలని నల్ల బొగ్గును తీసేస్తే సిమెంటులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా దాని స్థానంలో వేయవచ్చు. సిమెంటు గట్టిపడేటప్పుడు మిగిలిపోయే సున్నాన్ని ఈ సిలికా పట్టుకుని అదనపు బలంగా మారుస్తుంది. కాల్చకుండా ఉంచిన పిప్పికి ఇంకో ఉపయోగం. అమెరికాలోని లూసియానాలో చెరుకు మిల్లుల పిప్పిని వత్తి వేడిని ఆపే పలకలుగా అమ్మే వ్యాపారాన్ని సెలోటెక్స్ కంపెనీ 1920లలోనే నడిపింది. శక్కర్‌నగర్ కర్మాగారం ఇంకా పుట్టకముందు సంగతి.

అయితే 2015 చివర్లో శక్కర్‌నగర్ కర్మాగారం మూతపడింది. సారంగాపూర్ సహకార చక్కెర కర్మాగారమూ మూతబడే ఉంది. చెరుకు రైతులు వరికి మళ్ళారు. కాబట్టి బోధన్‌లో కూర్చుని పిప్పి బూడిద గురించి ఉపన్యాసమిస్తే వినేవాళ్ళు నవ్వుతారు. చక్కెర పట్టీ ఇప్పుడు నిజానికి బియ్యపు పట్టీ. నిజామాబాద్ చుట్టూ బాయిల్డ్ రైస్ మిల్లులు వరసగా ఉన్నాయి. టన్ను వడ్లకు 200 కిలోల ఊక, ఆ ఊక కాలిస్తే 40 కిలోల బూడిద. ఆ బూడిదలో 85 నుంచి 90 శాతం సిలికా. చెరుకు పిప్పి బూడిద కన్నా మేలైన సరుకు. మెలకువ ఒక్కటే: 700 డిగ్రీలు మించకుండా కాల్చాలి. మంట ఎక్కువైతే సిలికా స్ఫటికాలుగా బిగుసుకుపోయి సున్నంతో కలవడానికి మొరాయిస్తుంది. మామూలు మిల్లు బాయిలర్‌లో ఈ అదుపు ఉండదు, అందుకే ఆ బూడిద రోడ్ల పక్కన కుప్పలై మోటారు సైకిళ్ళ మీద పోయేవాళ్ళ కళ్ళల్లో పడుతోంది. రుద్రూరులో చెరుకుకూ వరికీ కలిపి ఒక పరిశోధన కేంద్రం ఉంది. పంటల మీద జరిగినంత పని ఆ పంటల వ్యర్థాల మీద కూడా జరగాలి.

సిమెంటును వేరే దానితో మార్చడం కన్నా తక్కువ వాడటం ఇంకా సులువు. కేరళలో వాస్తుశిల్పి లారీ బేకర్ జీవితమంతా చేసి చూపించింది ఇదే. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతూ కట్టే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో ఇటుకలు నాలుగో వంతు తగ్గుతాయి. లోపల చిక్కిన గాలి వేడికి అడ్డం. ఆయన స్లాబు కింది భాగంలో పాత పెంకులు పెట్టేవారు. స్లాబులో కింది సగం కాంక్రీటు ఇనుప చువ్వల్ని పట్టుకుని ఉండటం తప్ప బరువు మోయదు కాబట్టి, అక్కడ కొంత కాంక్రీటు స్థానంలో పెంకులు కూర్చున్నా బలం తగ్గదు. బోధన్, నిజామాబాద్‌లలో పెంకుటిళ్ళు కూల్చిన ప్రతిచోటా బెంగుళూరు పెంకులు గుట్టలుగా పడి ఉంటాయి. వాటి స్థానం కొత్త స్లాబులో ఉంది.

మట్టి ఇటుకల విషయంలో మాత్రం జాగ్రత్త. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ఆస్త్ర బృందం ఎర్రమట్టికి ఐదు నుంచి ఎనిమిది శాతం సిమెంటు కలిపి, యంత్రంలో వత్తి, కాల్చకుండానే గట్టి ఇటుకలు చేసే పద్ధతిని పెంపొందించింది. నిజామాబాద్ తూర్పు వైపు చల్క నేలలకు ఇది నప్పుతుంది. బోధన్ నల్లరేగడికి నప్పదు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. సున్నం కలిపి దాని పొగరు తగ్గించవచ్చు గానీ, మొరం తెప్పించుకోవడమే తేలిక.

ఎత్తైన ముద్ర, చిన్న కప్పు

మన రాష్ట్రంలో హరిత భవనాల చరిత్ర ఘనమైనదే. హైదరాబాద్‌లోని సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అది. దాని రూపశిల్పి కరణ్ గ్రోవర్. లోపలికి వెళ్ళి చూస్తే మధ్యలో ఆకాశానికి తెరిచిన వలయాకారపు జాగా, చుట్టూ వరండా, జాలీ గోడలు, మిద్దె మీద మట్టి పరిచి పెంచిన పచ్చిక, గాలిని చల్లబరచి పంపే బురుజులు. భవంతిలో పుట్టి పెరిగిన మనిషికి అందులో సగం కొత్తేమీ కాదు.

2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇంధన నియమావళి ఇళ్ళకు కూడా కొలతలు పెట్టింది. కప్పు నుంచి దిగే వేడి, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, చదరపు మీటరుకు 1.2 వాట్లు మించకూడదు. మనం వేసుకునే వట్టి స్లాబు నుంచి మూడున్నర దాకా దిగుతుంది. ఈ తేడాను పూడ్చడానికి కప్పు పైన ఒక అంగుళం మందం నురుగు పలక చాలు, దాన్ని ఎండా వానా తినకుండా పైన పెంకులు పరచాలి. ఖర్చు పెట్టలేనివాళ్ళకు తెల్లసున్నం ఉంది. తెల్లగా ఉన్న కప్పు ఎండలో 70 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది. చదరపు మీటరుకు 650 వాట్లు పీల్చిన చోట 300 దాటదు. హైదరాబాద్ దేవరకొండ బస్తీలో 2017లో పాతిక పేద ఇళ్ళ కప్పుల మీద తెల్లటి పొర వేసి చూశారు. పక్కిళ్ళతో పోలిస్తే లోపల సుమారు రెండు డిగ్రీలు తగ్గింది. సున్నానికి ఒక లోపం ఉంది, ఒక వానాకాలంలో సగం కొట్టుకుపోతుంది, దుమ్ము పట్టి మాసిపోతుంది. ఏటా వేయాలి.

ఈ అనుభవాల మీదే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం తెచ్చింది. దేశంలో ఏ రాష్ట్రమైనా అలాంటిది తేవడం అదే మొదలు. ఐదేళ్ళలో 300 చదరపు కిలోమీటర్ల కప్పుల్ని చల్లబరచాలని లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌లో, 100 మిగతా రాష్ట్రంలో. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ అది తప్పనిసరి. ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి 600 గజాలు, అంతకు పైబడ్డ స్థలాలకే తప్పనిసరి చేశారు. నా దృష్టిలో ఈ గీత తప్పుచోట పడింది. 600 గజాల ఇంటికి చెట్లుంటాయి, పైన ఇంకో అంతస్తు ఉంటుంది, ఏసీ ఉంటుంది. ఒక్క స్లాబు కింద ఐదుగురు పడుకునేది 60 గజాల ఇంట్లో. ఇప్పుడు ఊరూరా లేస్తున్న ఇందిరమ్మ ఇళ్ళు 400 నుంచి 600 చదరపు అడుగులవి; ఐదు లక్షల సాయంలో కప్పు మీది తెల్లపొర ఖర్చు లెక్కలోకి రానంత చిన్నది. అంచనా పత్రంలో ఆ ఒక్క వాక్యం చేర్చాలి. మున్సిపాలిటీ ఇంటి అనుమతి ఇచ్చేటప్పుడు గజాలు చూడకుండా స్లాబును చూడాలి.

అది జరిగేదాకా ఆగనక్కర్లేదు. ఉగాదికి గోడలకు సున్నం వేయించేవాళ్ళు ఈసారి ఇంకో బకెట్టు కలిపించి, అందులో కాస్త తెల్లసిమెంటు, జిగురు వేయించి, డాబా మీద రెండు పూతలు పూయించండి. పడమటి కిటికీకి బయటివైపు తడక కట్టించండి. ఏసీ కొనాలా వద్దా అన్నది ఆ వేసవి గడిచాక తేల్చుకోవచ్చు.